తుమ్మ నిప్పు

సోమవారం రాత్రి, పుష్య మాసపు చలి

పాప ఇప్పుడే పడుకుంది. కాన్పయి వచ్చినప్పటి నుంచీ నేను ఈ గది దాటలేదు. బాలింతకు గాలి తగలకూడదని అవ్వ కిటికీ సందుల్లో పాత చీర పేలికలు కుక్కింది. పైనున్న వెంటిలేటర్ ఒక్కటే వదిలేసింది.

మంచం పక్కన కుంపటి. నిన్నటిదాకా అందులో సుబాబుల్ కట్టె నిప్పులే. మెత్తటి కట్టె కదా, ఇట్టే అంటుకుంటుంది, ఇట్టే బూడిదవుతుంది. అవ్వ మాటిమాటికీ లేచి, తలుపు బార్లా తీసి, వాకిట్లో పొయ్యి నుంచి కొత్త నిప్పులు తెచ్చేది. ఆ కాసేపు నాకు చల్లగాలి తగిలేది, దూరంగా రోడ్డు మీద లారీల దీపాలు కనిపించేవి.

పొద్దున ఆమె మోకాళ్లు పట్టుకుని లేస్తుంటే చూడలేక అనేశాను.

"సుబాబుల్ నిప్పు నిలువదవ్వా. తుమ్మ మొద్దయితె తెల్లారేదాంక ఉంటది."

"అవు బిడ్డా, గా ముచ్చట నాకు యాదికే రాలె."

చెరువు కట్ట దిక్కు పోయి, చేతులు ముళ్లకు గీరుకుపోయినా తుమ్మ కట్టెల మోపుతో వచ్చింది. రాత్రి కుంపటి నింపి, "ఇగ తలుపు తీసే పనే లేదు, నిమ్మలంగ పండుకో" అని, తలుపు మూసి, దానికి అడ్డంగా అవతల చాప వేసుకుంది. ఎన్నాళ్లకో గురక పెడుతోంది, పాపం.

నిప్పులు కణకణలాడుతున్నాయి. ఇందాకటి నుంచి చూస్తున్నాను, ఒక్కటీ బూడిద కాలేదు. తలాపున చెంబులో నీళ్లున్నాయి. కాసిన్ని చల్లితే చాలు, నిప్పు ఆరుతుంది, తలుపు తెరుచుకుంటుంది.

కానీ అందుకు అవ్వ మళ్లీ మోకాళ్లు పట్టుకుని లేవాలి.