ఎర్ర నూనె

చిన్నా,

ఈ రోజు నీ సంవత్సరీకం. పూజ అయ్యాక, నువ్వు కెనడాలో, మా విండ్సర్ ఇంటి గ్యారేజీలో కట్టుకున్న చిన్న విమానం కొనడానికి ఒకాయన వచ్చాడు. వేసవికల్లా ఎగరేస్తానన్నాడు. బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న స్టూడెంట్లు గ్యారేజీ కూడా కావాలంటున్నారు, అందుకే అమ్మకానికి పెట్టాం.

ఆయన ఎక్కి బ్రేక్ పెడల్ నొక్కితే నేలదాకా దిగిపోయింది. చక్రం కింద తడి.

“పెడల్ మెత్తబడిందని మొన్న నేనే బ్రేక్ ఫ్లూయిడ్ పోశాను. కార్లకి వాడే మంచిదే,” అన్నారు మీ బావ. కార్ల ప్లాంటులో బతుకంతా బ్రేకులు బిగించిన మనిషి.

కొనడానికొచ్చినాయన చెప్పాడు, ఇలాంటి విమానం బ్రేకులకి ఎర్ర నూనే పోయాలట, కార్లది పోస్తే లోపలి రబ్బరు ఉబ్బి పాడవుతుందట. “బావా, దీన్ని కారనుకోకు” అని నువ్వు ఏడిపించేవాడివి. ఇంకెక్కడ ఏం చేశారో తెలీదు, నమ్మలేనని, ఇంజన్ ఒక్కటే చాలన్నాడు ఆ వచ్చినాయన. మిగతాది తుక్కుకే.

మధ్యాహ్నం మీ బావకు వడ్డించాను.

“తినండి. వాడుంటే నాలుగు తిట్టి నవ్వేసేవాడు.”

“తిట్టడానికి వాడేడీ?” అన్నారు.

అన్నం ముట్టలేదు. ఆయన మనసు కుదుటపరచమని దేవుణ్ణి అడిగాను. ఇప్పటికీ గ్యారేజీలోనే ఉన్నారు, చక్రం కింద కారుతున్నది గుడ్డతో తుడుస్తూ.

అక్క