యాభైతొమ్మిది సైజు టోపీ

ఫిబ్రవరి 6
బడిలో ఇవాళ స్టూడెంట్ టోపీలకు కొలతలు తీసుకున్నారు. జూన్‌లో ఆఖరి పరీక్ష కాగానే ఇంట్లోవాళ్లు నెత్తిన పెట్టే తెల్ల టోపీ. నా తల యాభైఆరు సెంటీమీటర్లు. యాభైతొమ్మిది రాయమన్నాను. టేపు పట్టుకున్నావిడ, అమ్మాయీ, కళ్లమీదికి జారుతుంది అంది. జారదండీ, నా చెవులు ఆపుతాయి అన్నాను. పకపకా నవ్వింది. పెద్ద టోపీ అయితే బయటికి పొడుచుకొచ్చిన ఈ చెవులు సగమైనా దాగుతాయని నా ప్లాన్.

మార్చి 2
అమ్మ ఒప్పుకుంది! ఈస్టర్ సెలవుల్లో ఆపరేషన్. చెవి వెనక చిన్న కోత పెట్టి, తలకు దగ్గరగా వంచి కుట్టేస్తారట. వెర్నర్ తాతయ్యకి మాత్రం నువ్వే చెప్పుకో అంది. అక్కడే చచ్చాను. ఈ చెవులు ఆయనవే, అచ్చు గుద్దినట్టు. నేను పుట్టినప్పుడు ఊయలలోకి తొంగిచూసి, హమ్మయ్య, డెన్మార్క్‌లో నేనొక్కణ్నే కాదన్నమాట అన్నాడట. ఆ మనిషికి ఎలా చెప్పను, నీ చెవులు నాకొద్దని?

మార్చి 20
చెప్పలేదు.

ఏప్రిల్ 4, మధ్యాహ్నం రెండు
అయిపోయింది! తల చుట్టూ ఇంత కట్టు. నవ్వితే లాగుతోంది. నవ్వు ఆగట్లేదు.

ఏప్రిల్ 13
కట్టు విప్పారు. గంటసేపు అద్దం వదల్లేదు. వంకాయ రంగులో ఉన్నాయి, ఉండనీ. అబ్బ, ఎంత ముద్దొస్తున్నాయో! జీవితంలో మొదటిసారి జుట్టు పైకెత్తి ముడి వేశాను. ఆరు వారాలు రాత్రిళ్లు తలకి పట్టీ పెట్టుకోవాలట.

మే 1
తాతయ్య భోజనానికి వచ్చాడు. జుట్టు విరబోసుకుని కూర్చున్నాను. రొట్టె మీద చేపముక్క సర్దుకుంటూ, ఈ ఎస్బియర్ ఊరి ఎదురుగాలికి, ఈ చెవులేసుకుని మనిద్దరి సైకిళ్లూ వెనక్కే పోతాయి కదే ఆస్టా అన్నాడు. నేను జుట్టు ఇంకాస్త ముందుకు లాక్కున్నాను. టోపీ నేనే పెడతా, ఇంకెవరినీ ముట్టుకోనివ్వను అని కూడా అన్నాడు. పద్నాలుగేళ్లకే బడి మాని చేపల పడవెక్కిన మనిషి.

జూన్ 24
పాస్! ఆఖరి నోటి పరీక్ష కూడా అయిపోయింది. ఎన్నాళ్లని దాస్తాను, ముడి వేసుకునే పరీక్ష గది బయటికి వచ్చాను. తాతయ్య టోపీని రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. నా చెవుల వైపు చూశాడు. టోపీ పెట్టాడు.

జర్రున ముక్కుదాకా దిగిపోయింది! సైజు మార్పించడం ఎవరికి గుర్తుంది? ఆపడానికి చెవులేవీ? చుట్టూ అందరూ ఘొల్లుమన్నారు.

ఆ చీకట్లోనే చెప్పేశాను. తాతయ్యా, నీకు బాధేస్తుందని చెప్పలేదు అన్నాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు టోపీ అంచు ఎత్తి లోపలికి తొంగిచూశాడు. ఓసి పిచ్చిదానా, ఆ పట్టీ మే ఒకటినే చూశానే, మీ బాత్రూంలో ఆరేసి ఉంది, నేనేమైనా గుడ్డివాణ్నా అన్నాడు. నా రోజుల్లో ఈ ఆపరేషన్ ఉండుంటే క్యూలో ముందు నేనే ఉండేవాణ్ని అన్నాడు. ఆయన కోటు పట్టుకుని భోరున ఏడ్చాను. ఇంత సంతోషం నేనెప్పుడూ ఎరగను.

జూన్ 25
నిన్న సాయంత్రం ఫోటోకని టోపీ తాతయ్యకి పెట్టాను. ఇసుమంత కూడా జారలేదు.
అప్పట్నుంచి తియ్యమంటే తియ్యడు.