జంట కార్డులో నా పేరు కొట్టివేయుట గురించి

సంగీత కళాకారుల గుర్తింపు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: జంట కళాకారుల గుర్తింపు కార్డు నుండి నా పేరు తొలగించి, నా భార్య పేరును అదే కార్డుపై కొనసాగించుట గురించి మనవి.

సూచిక: మా కార్డును రద్దు చేయుచు తమ కార్యాలయము పంపిన ఉత్తర్వు.

నేను వయొలిన్ వాయించువాడను. నా భార్య గాయని. పెళ్లయిన మరుసటి ఏడు తమ కార్యాలయము మా ఇద్దరికీ కలిపి ఒకే కార్డు మంజూరు చేసినది. దానిమీద కళాభవనము మేడమీది గదిలో వారమునకొక సాయంత్రం సాధన చేసుకొనుచుంటిమి. "జంటలో ఒకరు సంగీతకారులు కానందున" కార్డు రద్దు చేయడమైనదని తమ ఉత్తర్వులో ఉన్నది. ఆ ఒకరు నేనే. దానిపై నాకు అభ్యంతరము లేదు. జరిగినది మాత్రము దిగువన మనవి చేసుకొనుచున్నాను.

1. మా పాటలను ఇంటర్నెట్‌లో ఒక పేజీ తెరిచి పెట్టినాము. పడకగది కిటికీలకు దుప్పట్లు కట్టి, నా భార్య బట్టల బీరువా తలుపుల మధ్య నిలబడి పాడగా రికార్డు చేసితిమి. బంధువులు విన్నారు. ఊరూ పేరూ తెలియని ఒక మనిషి "బాగుంది" అని రాసినాడు. అంతటితో ఆగినది. అప్పుడు ఇటువంటి పేజీలు చూసిపెట్టే ఒకతనిని ఆశ్రయించితిమి. మనిషి మంచివాడే. శ్రద్ధగా విని, "అక్కా, ఆలాపన తీసేయండి. అర నిమిషంలో పల్లవి రాకపోతే జనం పక్క పాటకి పోతారు" అన్నాడు. నా భార్య తీసేసింది. వినేవాళ్లు కొంచెం పెరిగారు. తరువాత, "మాటలు అడ్డమొస్తున్నాయక్కా. జనం పని చేసుకుంటూ వింటారు. అర్థమైతే పని చెడుతుంది" అన్నాడు. మాటలు తీసి కూనిరాగము ఉంచినాము. ఇంకా పెరిగారు. ఆ తరువాత గొంతు కూడా వద్దన్నాడు. నా భార్య, "పోనీలే, నీ వయొలిన్ అయినా వింటారు" అన్నది. కొన్నాళ్లకు వయొలిన్ చెవిలో గుచ్చుకుంటోందన్నాడు. అదియు తీసివేయగా, వెనుక తిరుగుచున్న టేబుల్ ఫ్యాను మిగిలినది. రికార్డింగప్పుడు దాన్ని ఎవరమూ ఆపలేదు.

ఆ ఫ్యానును లక్షలమంది వినుచున్నారు. పెట్టుకొని నిద్రపోతారట.

2. అప్పటినుండి నా వృత్తి అదే. ఫ్యాను, వాషింగ్ మెషీను, కారే కుళాయి, రేకుల మీద వాన. ఇల్లు దానిమీదే గడచుచున్నది. చప్పుడును పట్టుకోవలెనన్న ఇంట్లో ఇంకే చప్పుడూ ఉండరాదు. "దగ్గొస్తే వీధిలోకెళ్లి దగ్గాలా ఏంటి?" అని నా భార్య మొదట్లో నవ్వేది. తరువాత వీధిలోకి వెళ్లి దగ్గేది. మా పాప మునివేళ్ల మీద నడవడం నేర్చుకుంది. మంచినీళ్లు కావాలంటే బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపేది. బడిలో వేసిన కొన్నాళ్లకు టీచరమ్మ మమ్మల్ని పిలిపించి, "మీ పాపకి మాటలు రావా అండీ? ఆ సంగతి చేర్చేటప్పుడే చెప్పాల్సింది కదా" అన్నది. నా భార్య ఆ సాయంత్రమే పాపను తీసుకొని తన చెల్లెలింటికి వెళ్లిపోయినది. పోట్లాట ఏదియు జరగలేదు. నేను లోపల రికార్డింగులో ఉంటిని. వీధి తలుపు వేసిన చప్పుడు అందులో పడినది. ఆ ముక్క కోసివేసి మిగతాది పేజీలు చూసే అతనికి పంపించితిని.

మా మరదలు ఫోను చేసి, "బావా, నీకసలు ఏమీ అనిపించట్లేదా?" అని అడిగింది. "అనిపించాలి కదా. చూస్తున్నాను" అన్నాను. ఇంకా చూస్తున్నాను.

3. కార్డు పునరుద్ధరణ నిమిత్తము తమ తనిఖీ అధికారి గారు మా ఇంటికి విచ్చేసిరి. "వాద్యం?" అని అడిగినారు. అబద్ధం ఎందుకని "ఫ్యాను" అన్నాను.

"వేళాకోళమా?"

"కాదండీ."

"సరే, వినిపించండి."

పెట్టాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి విన్నారు. కాసేపటికి లేచి కూర్చుని, "ఇది మీదా? మా ఆవిడకి ఇది లేనిదే కునుకు పట్టదండీ, ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ" అన్నారు. నా చెయ్యి పట్టుకొని కాసేపు వదల్లేదు. తరువాత తమ కాగితము మీద "వాద్యము: లేదు" అని రాసుకొనిరి. ఆయన అన్నదీ నిజమే, రాసినదీ నిజమే. కనుక ఆయనపై ఎట్టి చర్యయు తీసుకొనవలదు.

4. వయొలిన్ ఇంట్లోనే ఉన్నది. వాయించుట లేదు.

5. కార్డు రద్దయిన సంగతి నేను నా భార్యకు తెలుపలేదు. ఆమె ఎప్పటిలాగే సాధనకు వెళ్లగా వాచ్‌మన్ మెట్ల దగ్గర ఆపి, "ఏమనుకోకండమ్మా, పైనుంచి ఆర్డరు" అన్నాడట. ఆమె నాకు ఫోను చేసి, "కార్డు పోయిందటగా" అన్నది.

"అవును."

"అందులో నా తప్పేముంది?"

మరునాడే నేను ఆమెకు విడి కార్డు ఇప్పించమని తమ కౌంటరులో అడగగా గుమాస్తా గారు, "ఆవిడ పాటలు ఇంటర్నెట్‌లో ఎంతమంది విన్నారో ప్రింటు తీసి పట్రండి" అనిరి. పేజీ మా ఇద్దరి పేరు మీద ఉన్నది. అందులోని లెక్కంతా ఫ్యానుది. ఇప్పుడామె పాడే పాటలు ఎక్కడా పెట్టడం లేదు. "వినాలనుకున్నవాళ్లు వచ్చి వింటారు" అంటోంది. మరదలి ఇల్లు ఇరుకు, పక్కవాళ్లు గోడ కొడతారు. ఆ గది తప్ప ఆమెకు గొంతు విప్పే చోటు వేరొకటి లేదు.

కావున తమరు దయతో కార్డుపై నా పేరు కొట్టివేసి, ఆమె పేరు ఉంచి, గదిని ఎప్పటివలెనే ఇప్పించ ప్రార్థన. రుజువు కావలెనన్న తమరే ఒక సాయంత్రం వచ్చి ఆమె పాట వినవలెను. ఆలాపన కొంచెం పొడుగు. ఓపిక పట్టగలరు.

ఇంతకుమించి కోరునది లేదని తమ చిత్తమునకు తెచ్చుచు,

తమ విధేయుడు,
జంటలో తొలగించవలసినవాడు

తా.క.: అర్జీ మీద నా భార్య సంతకానికని ఈ ఉదయం మరదలి ఇంటికి వెళ్లాను. పక్కవాళ్లు లేరేమో, మెట్లెక్కుతుంటే లోపలినుంచి పాట వినిపించింది. ముందు నా భార్య, వెనకాల పాప. శ్రుతి ఎక్కడుందో పాపకి తెలియదు గాని గొంతు చించుకొని పాడుతోంది. తలుపు తీసే ఉంది. నన్ను చూడగానే టక్కున ఆపి, వాళ్లమ్మ వైపు తిరిగి పెదాల మీద వేలు పెట్టింది. "ఫర్లేదమ్మా, పాడు" అన్నాను. తల అడ్డంగా ఊపింది.

నా భార్య అర్జీ అంతా చదివింది. "నీ పేరు తీసేయమని నువ్వే రాశావా?" అంది. అవునన్నాను. "తిన్నావా?" అంది. తిన్నానన్నాను. సంతకం పెట్టింది.

నేను వీధిలోకి దిగాక పాట మళ్లీ మొదలైంది. గోడ పక్కన నిలబడి చివరిదాకా విన్నాను. ఫోను చేతిలోనే ఉంది, రికార్డు చేయలేదు.

అయ్యా, కార్డు లేనివారిని మేడమీదికి పంపకూడదని నిబంధన ఉన్నట్టు తెలుసు. పాపకి ఒక్కదానికి మినహాయింపు ఇప్పించండి. అల్లరి చేయదని హామీ రాయమంటే మాత్రం రాయలేను.