షాబాద్ బండల బడ్జెట్

1 ఏప్రిల్ 1968, సోమవారం. బోధన్.

జీతం అందింది. నూట అరవై అయిదు.

నిర్ణయించేశాను! జూన్‌లో వానలు దిగేలోపు రెండు గదులకూ షాబాద్ బండలు.

పోయిన వానాకాలం మా మట్టినేల చెమ్మెక్కి, శ్యామల చుట్టిన బీడీలన్నీ మెత్తబడ్డాయి. కార్ఖానాలో అందరి ముందూ ఏరి పక్కన పడేశారు. ఎనిమిది వందలు చుట్టి ఆరువందలకు కూలి తెచ్చుకుంది. ఇంటికొచ్చి నన్నేమీ అనలేదు. నేల మీద అరచెయ్యి ఆనించి చూసింది, అంతే. పెళ్లాం ఏమీ అనకపోవడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది.

బడ్జెట్:
బండలు – 96
సున్నం, ఇసుక – 30
బండి కిరాయి – 24
సిరాజ్ మేస్త్రీ కూలి – 50
మొత్తం రెండు వందలు. నెలకు డెబ్బయి చొప్పున మూడు జీతాల్లో రెండు వందల పది! మిగిలిన పదితో మేస్త్రీకి మిఠాయి.

బంద్ అయినవి: హోటల్ చాయ, సిగరెట్, రిక్షా, సినిమా. చెరకు కాటా దగ్గర చీటీలు రాసే గుమస్తాను నేను. ఊరి చెరకంతా నా చీటీలోకి ఎక్కుతుంది. రెండు గదుల నేల ఒక లెక్కా?

2 ఏప్రిల్

కాటాకు నడిచే వెళ్లాను. రెండు మైళ్లు. ఒంట్లో హుషారు! చాయ లేదు. సిగరెట్ లేదు. సాయంత్రానికి తలనొప్పి, అది వేరే సంగతి.

4 ఏప్రిల్

గదులు అడుగులేసి కొలిచాను: మూడు వందల ఇరవై చదరపు అడుగులు. బజారుకు పరుగెత్తి ఇనుప టేపు కొన్నాను, నాలుగు రూపాయలు. మళ్లీ కొలిస్తే రెండు వందల పదమూడు. నా అడుగులు వేరు, టేపు అడుగులు వేరు!

లెక్క రాయడానికి ఎర్ర అట్ట పుస్తకం కూడా కొన్నాను. రూపాయి ముప్పావలా. పొదుపుకు పెట్టుబడి.

9 ఏప్రిల్

కాటాలో నా పక్క బల్ల భోజన్న చాయ తాగిస్తానన్నాడు.

"నేను మానేసిన అన్నా."

"మానేస్తే మానేసినవ్ తమ్మీ, నేనిప్పిస్తె తాగవా?"

తాగాను. నా పైసలు కావు కాబట్టి లెక్కలోకి రాదు.

10 ఏప్రిల్

మర్యాదకు భోజన్నకు నేను తాగించాను. అతని వెంట ఇద్దరు వచ్చారు. వాళ్లకూ మర్యాదే.

21 ఏప్రిల్, ఆదివారం

బండల ధర పోల్చి చూద్దామని నిజామాబాద్ వెళ్లాను. అక్కడ అడుగుకు రెండు పైసలు తక్కువ! మొత్తం మీద నాలుగు రూపాయల పావలా ఆదా. బస్సు, బిర్యానీ, ఎండకు తాళలేక మ్యాట్నీ: ఆరు రూపాయలు.

అక్కడొక దుకాణంలో నున్నగా రుద్దిన ఎర్రబండ చూశాను. ముఖం కనిపిస్తోంది. గది నడుమ నల్లబండ, చుట్టూ ఎర్ర అంచు... ఇంటికొచ్చి బొమ్మ గీసి శ్యామలకు చూపించాను.

"అంచు సంగతి తర్వాత. నేను కూసునే కాడ చెమ్మ రావొద్దు, గంతే" అంది.

కళాదృష్టి లేదు.

2 మే

రెండో జీతం. పొదుపు పెట్టెలో డెబ్బయి వేశాను. ఏప్రిల్ డెబ్బయిలో మిగిలినవి ముప్పై ఎనిమిది. ఎర్ర అంచుతో కొత్త బడ్జెట్ రెండు వందల అరవై. ఉన్నది తగ్గుతుంటే కావలసింది పెరుగుతోంది. వింతే!

సిగరెట్ రోజుకు రెండే. ఇంట్లో పొద్దంతా బీడీలు చుట్టే మనిషి ఉండగా మొగుడు సిగరెట్ తాగుతాడని బజారులో నవ్వుతున్నారట. నవ్వనీ.

19 మే, ఆదివారం

పొద్దున్నే సిరాజ్ మేస్త్రీ గుమ్మంలోకి వచ్చాడు. మా గోడ అవతల ఉండే బిల్కిస్ అక్క అప్పుడే నీళ్లు పట్టుకుంటోంది.

"ఏం సాబ్, ఎప్పుడు షురూ జేద్దాం? వానలు పడ్డంక పని సాగదు."

పెట్టెలో అరవై ఎనిమిది ఉన్నాయి. నోరు మాత్రం ఇలా అంది: "పైసలు తయ్యారున్నయ్ మేస్త్రీ! జూన్ ఎనిమిదికి వచ్చెయ్."

"ముబారక్ భయ్యా!" అంది బిల్కిస్ అక్క. శ్యామల తలుపు చాటునుంచి నవ్వింది. ఆ నవ్వు చూశాక మాట వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు.

1 జూన్

మూడో జీతం. మే నెల హోటల్ ఖాతా, కాటా నుంచి రిక్షా ఖాతా, బట్టల దుకాణం బాకీ: అన్నీ కట్టాను. పెట్టెలో అరవై ఒకటి. రేపు సిరాజ్‌కు చెప్పేస్తాను.

5 జూన్

శ్యామల సామాన్లు సర్దడం మొదలుపెట్టింది. రేపు చెప్పేస్తాను.

6 జూన్

నీళ్ల గోలేలు, మూటలు, పెట్టెలు వసారాలోకి చేరాయి. బీడీ ఆకు బుట్టలు బిల్కిస్ అక్క ఇంట్లో. బరువైన సందూకు పెట్టె నేనే మోశాను. మోస్తూ కూడా చెప్పలేదు.

7 జూన్

సిరాజ్ ఇంటిదాకా వెళ్లాను. లేడు. హమ్మయ్య అనుకున్నాను. ఇలాంటి మనిషిని నేను!

8 జూన్, శనివారం. మధ్యాహ్నం ఒంటిగంట.

అన్నానికి ఇంటికొచ్చేసరికి రెండు గదులూ జానెడు లోతున తవ్వేశారు. సిరాజ్ గడ్డపార ఆనుకొని చెమట తుడుచుకుంటున్నాడు.

"బండలు ఎప్పుడొస్తయ్ సాబ్?"

గుమ్మంలోనే కూలబడి అంతా చెప్పాను. చాయ, మ్యాట్నీ, ఎర్ర అంచు, అన్నీ.

"ముందుగాల చెప్తే అయిపోతుండె గద సాబ్" అన్నాడు సిరాజ్ మెల్లగా. "తవ్వకపోదును."

శ్యామల నా వైపు చూడలేదు. "ఎన్ని ఉన్నయ్?"

"అరవై ఒకటి."

"సిరాజన్నా, నేను కూసునే జాగ వరకే వేస్తె ఎన్ని బండలు పడ్తయ్?"

సిరాజ్ దారం లాగి కొలిచాడు. "ఎనిమిదడుగులు ఇటు, ఎనిమిది అటు. రెండడుగుల బండలు పదహారు, అక్కా. కూలి కలుపుకొని అరవైల చేసిస్త."

"గవే వెయ్యి. మిగిలింది మళ్ల మట్టే నింపు."

అప్పుడు నా వైపు తిరిగింది.

"పైసలు పోయినందుకు కోపం లేదు. మూడు రోజుల సంది సామాన్లు మోస్తున్న. మీరు చూసుకుంటనే ఉన్నరు."

పెట్టెలోంచి అరవై తీసి సిరాజ్ చేతిలో పెట్టాను.

11 జూన్

పదహారు బండలు పరిచారు. సున్నం, ఇసుక నేను మోశాను. సిరాజ్ వద్దనలేదు.

19 జూన్

రెండు రోజులుగా ముసురు. మట్టి నింపిన వైపు చెమ్మ మొదలైంది. శ్యామల బండల మీద అరచెయ్యి ఆనించి చూసింది. పొడి! ఆకు బుట్ట, పొగాకు చాట, కట్టలు అన్నీ అక్కడికే జరుపుకుంది.

26 జూన్

కార్ఖానా నుంచి తడిసి వచ్చింది. కట్టలు మాత్రం తడవలేదు, చీర కింద దాచుకుని పోయిందట. ఒక్క బీడీ తీసెయ్యలేదు. ఎనిమిది వందలకూ కూలి! గుమ్మంలో నిలబడి కొంగు పిండుకుంటూ తనే చెప్పింది. పద్దెనిమిది రోజుల తర్వాత నాతో అన్న పెద్ద మాట అదే.

1 జూలై, సోమవారం. సాయంత్రం అయిదున్నర.

జీతం అందింది. తక్కిన నేలకు నూట నలభై కావాలి. దసరాలోపు. అంచు లేదు. డబ్బు మొత్తం ఆమె చేతికే ఇచ్చాను. లెక్కపెట్టకుండానే తీసి దాచింది.

"చాయకు పోరా?"

"పోను."

ఆకు బుట్ట పక్కకు జరిపి బండ మీద చోటిచ్చింది. "కూసోండ్రి మరి. గీ బీడీలకు దారం కట్టుండ్రి. కట్టకు ఇరవై అయిదు."

పదకొండు కట్టలు కట్టాను. నాలుగు విడిపోయాయి. ఒకదాంట్లో ఇరవై మూడే వచ్చాయట, ఊరి చెరకంతా లెక్కరాసే గుమస్తా చేతిలో!

రేపు ఇంకా గట్టిగా కడతాను.