చెరువు పక్క దారిలో ఆయన అడిగిన ప్రశ్న

సాల్ట్ లేక్, ఆదివారం

వదినగారికి హైమవతి నమస్కారాలు. మీరు పంపిన ఇంగువ అందింది.

ఇవాళ పొద్దున్న మీ తమ్ముడూ నేనూ చెరువు పక్క అడవి దారిలో నడకకు వెళ్లాం. "బేగి రావే, సైకిళ్లోళ్లు నవ్వుతున్నారు" అంటూ ముందు నడిచిన మనిషి చెట్ల మలుపులో ఆగారు. నా వైపు తిరిగి, "దీదీ, గేట్ కోన్ దికే?" అని, ఎవరో పరాయి ఆవిడను అక్కా అని పిలిచినట్టు, బెంగాలీలో గేటుకు దారి అడిగారు. ఇన్నేళ్లలో నాతో తెలుగు తప్ప మాట్లాడని మనిషి!

"ఏటండీ, నేను!" అన్నాను. కాసేపు చూసి, "ఆకలేస్తంది, పదవే" అన్నారు. గేటు దాకా ఆయన చెయ్యి పట్టుకునే నడిచాను.

మామగారికీ ఇలాగే మొదలైందా? ఫోనులో మీ తమ్ముడి ముందు అడగలేను, కార్డు రాయండి. ఉత్తరాలు నేనే తీసుకుంటాను. పిల్లలకు ఆశీస్సులు.

ఈసారి ఫోను చేసినప్పుడు "హైమ ఏదిరా?" అని మీ తమ్ముణ్ణే అడగండి. పక్కనే ఉండి ఏమంటారో వింటాను.