పూణేలో "ఆయ్" అన్నందుకు

ముక్తేశ్వరంలో ఉన్న మా అక్కయ్యకు,

చెల్లెలు సుగుణ వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారు మందులు వేళకు వేసుకుంటున్నారా? నువ్వు దగ్గరుండి మింగించకపోతే మాత్రలు ఆయన జేబులోనే ఉంటాయి, చూసుకో.

పోయిన ఆదివారం ఫోనులో, "మీకేం తక్కువే, కలిగినోళ్ళయిపోయేరు" అన్నావు. అప్పుడు నవ్వేశాను గానీ ఆ మాట వారమంతా నన్ను వదల్లేదు. పూణే వచ్చి ఏడు నెలలైంది. మీ మరిదికి జీతం పెరిగింది. బట్టలుతికే మిషను కొన్నాం. రోజంతా కుళాయి నీళ్ళే. సరుకుల పుస్తకంలో ప్రతి ఖర్చూ తేదీ వేసి రాసుకునే అలవాటు మాత్రం పోలేదు. కానీ ఆయన ఆఫీసుకీ, పాప కాలేజీకీ వెళ్ళిపోతే, సాయంత్రం దాకా నాతో మాట్లాడే మనిషి లేదు. మన వీధిలో గుమ్మంలో నిలబడితే చాలు, "ఏం కూరండీ ఇవ్వాళ?" అని ఎవరో ఒకరు అడిగేవారు. ఇక్కడ తలుపులన్నీ మూసే ఉంటాయి. వాన పడితే మరీ దిగులు. తడిసిన మన కాలవగట్టు గుర్తొచ్చి అన్నం సహించదు.

మా ఎదురింట్లో ఒక మరాఠీ పెద్దావిడ ఒక్కరే ఉంటారు. వచ్చిన కొత్తలో ఆవిడే పిలిచి, చెత్తబండి ఎప్పుడొస్తుందో, కూరలు ఎక్కడ దొరుకుతాయో హిందీలో చెప్పారు. సగం అర్థమైంది, సగం కాలేదు. మన అలవాటు కొద్దీ "ఆయ్, ఆయ్" అని తలూపాను. ఆవిడ నా ముఖంలోకే చూస్తూ కాసేపు నిలబడిపోయారు. మర్నాటి నుంచి రోజూ పదింటికి టీకి పిలవడం మొదలుపెట్టారు. నాకు ఇక్కడ తెరిచి ఉన్న తలుపు అదొక్కటే.

ఒక సెలవు రోజున మా మాటలు విని పాప ఒకటే నవ్వు. "అమ్మా, మరాఠీలో ఆయీ అంటే అమ్మ. ఇన్నాళ్ళూ ఆవిణ్ణి అమ్మా, అమ్మా అంటున్నావు!"

మన అమ్మ పోయాక ఆ పిలుపుతో నేను ఎవరినీ పిలవలేదు. ఆవిడ ఆదరణంతా నా పొరపాటు మీద నిలబడిందా అనిపించింది. చెప్పకపోతే మోసం చేసినట్టు, చెబితే ఆ ఒక్క తలుపూ మూసుకుంటుందేమోనని భయం. మూడు రోజులు టీకి వెళ్ళలేదు. నాలుగో రోజు పాపను వెంటబెట్టుకుని వెళ్ళి, మా ఊళ్ళో ఆయ్ అంటే "అలాగేనండి" అని అర్థమనీ, ఏమీ అనుకోవద్దనీ చెప్పించాను.

ఆవిడ వింటూనే టీ వడగట్టి, పాపతో ఏదో అన్నారు. పాప నవ్వాపుకోలేక చెప్పింది: "రెండో వారంలోనే తెలిసిపోయిందట. గ్యాసుబండ తెచ్చిన మీసాలాయన్ని కూడా నువ్వు ఆయీ అన్నావట. ఇంతమంది అమ్మలు ఎవరికుంటారు అంటున్నారు."

సిగ్గుతో తల దించుకున్నాను. "మరి తెలిసీ ఎందుకు చెప్పలేదో అడుగమ్మా" అన్నాను.

పాప అడగగానే ఆవిడ టీ గ్లాసు నా చేతిలో పెట్టి, నాకు అర్థమయ్యేలా మెల్లగా హిందీలో తనే జవాబు చెప్పారు: "చెబితే మానేస్తావని."

అక్కా, కలిగినవాళ్ళమయ్యామన్నావు. ఆ గ్లాసు పట్టుకుని కూర్చున్నప్పుడు నాకూ అలాగే అనిపించింది. అయినా, నేను ఆయ్ అంటే తిరిగి ఆయ్ అనే గొంతు వినాలని ఉంది. ఈసారి ఫోను తియ్యగానే హలో అనకు.

కొబ్బరి ఈనెల చీపుళ్ళు రెండు పంపు, ఇక్కడివి పట్టుమని నెల రావు. ఒకటి ఆవిడకి. పెద్దమ్మగారికి, పెదనాన్నగారికి నా వందనాలు చెప్పి, మమ్మల్ని ప్రార్థనలో తలుచుకోమను.

అమ్మ సమాధి దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ సంగతి నెమ్మదిగా చెప్పు. అమ్మ ఏమీ అనుకోదు కదూ?

నీ చేతుల్లో పెరిగిన
సుగుణ