యజమాని పేరు

జూన్ 3

బావగారు వచ్చారు. చెప్పులు విప్పకుండా ముందుగదిలోకి నడిచి, ఆరబెట్టిన అట్టల మీద కాలు పెట్టారు. రెండు పాడయ్యాయి. అందులో ఒకదానికి నాడా కట్టి ఈ కాగితాలు దాచుకుంటున్నాను.

ప్రభుత్వ టెండరట. ఆఫీసులన్నిటికీ ఏడాది పాటు ఫైళ్ళు సప్లై చెయ్యాలట. ఆడవాళ్ళ పేరున ఉన్న చిన్న యూనిట్లకే ఇస్తారట. అందుకని మా ఫైళ్ళ పని ఇవాళ్టి నించి నా పేరున ఉంటుందట. నన్ను ఎవరూ అడగలేదు. మా ఆయన తలూపారు. అన్నగారి ముందు ఆయన తల పైకీ కిందికే ఆడుతుంది. పక్కలకి ఆడటం నేనెప్పుడూ చూడలేదు.

ఈ టెండర్ రాకపోతే కటింగ్ మిషను అమ్మేస్తానన్నారు బావగారు. ఇల్లు ఆయనది. ముందుగది ఆయనకి గోడౌనుకి కావాలట. మేమిద్దరం, అత్తయ్యా ఆయన ఇంటికే వచ్చేయొచ్చట, మా తోడికోడలికి వంటింట్లో కాస్త సాయంగా ఉంటుందట. ఆ సాయం ఏమిటో నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో నాలుగు నెలలు చేశాను. ఆ ఇంట్లో మాకు గడియ పడే గది లేదు. ఇక్కడ ముందుగది ఉంది. మైదా, తుత్తం వేసి ఉడికించిన జిగురు వాసన ఉంది. నాకు అది చాలు.

టెండర్ రావాలి. ఆయన కోసం కాదు.

జూన్ 5

దరఖాస్తు ఎవరి పేరునైతే వాళ్ళే సొంత దస్తూరీతో నింపాలని రూలు. బావగారు పక్కన కూర్చుని ఒక్కో గడి మీద వేలితో కొడుతూ చెప్పారు. నేను రాశాను. ఆరో తరగతిలో బడి మానేశాను గానీ నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. అది కూడా ఆయనకి నచ్చలేదు. ముగ్గు వేస్తున్నావా అన్నారు.

మధ్యలో ఫోనొస్తే బయటికి వెళ్ళారు. ఒక గడి మిగిలింది. యజమాని పేరు అని ఉంది. ఇది నాకు తెలుసు కదా అనుకున్నాను. తెల్లారి లేస్తే అత్తయ్య అడిగేది మీ యజమాని లేచాడా, మీ యజమాని తిన్నాడా అనే. ఈ ఇంట్లో ఆ మాటకి ఇంకో అర్థం లేదు. మా ఆయన పేరు రాశాను.

ఎవరూ చెప్పకుండా నేను రాసింది ఆ ఒక్కటే.

జూన్ 14

తిరగ్గొట్టారు.

యజమాని మగవాడని మీరే రాసి, ఆడవాళ్ళ టెండర్‌కి ఎలా వచ్చారని గుమాస్తా బావగారి మొహం మీదే అడిగాడట. ఇంటికొచ్చి ఒంటికాలి మీద లేచారు. నోట్లో నాలుక లేదు సరే, తలలో ఏముందన్నారు. అత్తయ్య తన వల్లే జరిగిందని తెలియక ఆయన పక్క చేరింది. మా ఆయన గోడవైపు చూశారు. గోడ మీద ఏమీ లేదు.

తప్పు దిద్దుకోడానికి వారం గడువిచ్చారు. నేనే స్వయంగా వెళ్ళాలట.

జూన్ 15

బావగారు కొత్త పేరు పెట్టారు నాకు. యజమానమ్మా, మంచినీళ్ళు. యజమానమ్మా, నా చెప్పులేవీ. తోడికోడలికి ఫోన్ చేసి మరీ చెప్పారు. ఆవిడ నవ్వు ఫోన్లోంచి వంటింటిదాకా వినిపించింది.

నీళ్ళిచ్చాను. గ్లాసు కడగలేదు.

జూన్ 17

ఆఫీసుకి వెళ్ళాను. బావగారు గేటు దగ్గరే ఆగిపోయారు, లోపలికి దరఖాస్తుదారు ఒక్కరే రావాలన్నారని. పొడుగు వరండా, ఒక బల్ల, దాని వెనక గుమాస్తా. యూనిట్ యజమాని ఎవరో నోటితో చెప్పమన్నాడు. చెప్పాను. వినపడలేదన్నాడు. మళ్ళీ చెప్పాను. పక్క బల్లవాళ్ళు కూడా పని ఆపి చూశారు. మూడోసారి చెప్పేసరికి నా చెవులు కాలిపోయాయి. పైకి చెప్పింది నా పేరే, కానీ ఏదో దొంగతనం ఒప్పుకున్నట్టుంది.

అప్పుడు నా దరఖాస్తు ఉన్న ఫైలు తీశాడు. నాడా ఊడి చేతికొచ్చింది. కాగితాలన్నీ కిందపడ్డాయి. ఈ ఫైళ్ళు చేసినవాడి చేతులు విరగ, నెలకే ఊడిపోతున్నాయి అని తిట్టుకున్నాడు. నేను కూర్చుని ఏరుతూ ఫైలు తిప్పి చూశాను. నాడా దూర్చే చోట, వీపుకి గుడ్డ ఒక్క మడతే వేశారు. రెండు మడతలు వెయ్యకపోతే నాడా బరువుకి కన్నం చిరుగుతుంది. ఆ మాటే చెప్పాను. ఎలా వచ్చిందో తెలీదు, నోట్లోంచి వచ్చేసింది.

గుమాస్తా నన్ను చూశాడు. నువ్వే చేస్తావా అన్నాడు. దరఖాస్తు మీద ముద్ర వేశాడు.

జూన్ 18

ఆఫీసులో ఏం జరిగిందని ఎవరూ అడగలేదు. ముద్ర పడిందా అని మాత్రం అడిగారు.

జూన్ 24

బావగారు పల్చటి అట్ట బేరమాడి వచ్చారు. తడి చెయ్యి పెడితే వంకర పోయే రకం. శాంపిల్ మాత్రం మంచి అట్టతో, రెండు మడతల గుడ్డతో చెయ్యమన్నారు. కాంట్రాక్ట్ వచ్చాక ఈ అట్ట, ఒక్క మడత. ఫైళ్ళు ఎవడు విప్పి చూస్తాడన్నారు. మా ఆయన తల పైకీ కిందికీ.

నేను చూశాను ఎవరు విప్పి చూస్తారో. నేల మీద కాగితాలు ఏరింది నేను.

జూన్ 30

ఇన్‌స్పెక్షన్‌కి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పింది. అట్టలు తొక్కకుండా అంచులో నడిచింది. అందుకే నాకు నచ్చింది.

జిగురులో ఏం కలుపుతారంది. బావగారు చెప్పారు, తప్పు చెప్పారు. రోజుకి ఎన్ని చేస్తారంది. బావగారు చెప్పారు, అబద్ధం చెప్పారు. నేను అడుగుతున్నది యజమానిని అంది ఆవిడ. జిగురులో తుత్తం కలుపుతామని, లేకపోతే పురుగు తింటుందని చెప్పాను. రోజుకి అరవై, ఎండ లేకపోతే నలభై అని చెప్పాను. ఎవరు చేస్తారంది. నేను నోరు తెరిచేలోపు మా ఆయన, ఆమే చేస్తుంది, నేను అట్ట కోసి ఇస్తాను అన్నారు. అన్నగారి ముందు. గోడవైపు చూస్తూనే అన్నారు, కానీ అన్నారు.

శాంపిల్ పట్టుకుని, రేపు ఇచ్చే మాలు కూడా ఇలాగే ఉంటుందా అని అడిగింది. ఇలాగే ఉంటుందన్నాను. సంతకం పెట్టమంది, పెట్టాను.

వెళ్ళబోతూ బావగారిని చూపించి ఈయనెవరంది. మా బావగారండీ, చూసిపోదామని వచ్చారు అన్నాను.

ఇంకా మూడుసార్లు రాసుకోవాలనుంది ఆ మాట.

జూలై 9

వచ్చింది. కాంట్రాక్ట్ వచ్చింది. ఆర్డర్ కాగితం మీద నా పేరు టైపు కొట్టి ఉంది, ఒక అక్షరం తప్పుతో.

జూలై 12

పల్చటి అట్ట బండి గుమ్మం ముందు ఆగింది. వెనక్కి తీసుకెళ్ళమన్నాను. యజమానిని పిలవమ్మా, ఆయనతో మాట్లాడతానన్నాడు డ్రైవరు. నేనే అన్నాను. మంచి జోకు విన్నట్టు కాసేపు నిలబడ్డాడు. నేను కూడా నిలబడ్డాను. బండి వెళ్ళిపోయింది.

జూలై 13

బావగారి అరుపులు వీధి చివరిదాకా. రాయను.

జూలై 15

ఈసారి అరవలేదు. అమ్మాయ్ అన్నారు. తీయగా. స్టాంపు కాగితం తెచ్చారు, నాలుగు పేజీలు. ఊరికే ఫార్మాలిటీ, ఆఫీసుల చుట్టూ తిరగడం నీకెందుకు, చివర్లో ఒక్క సంతకం అన్నారు. చదువుకుని పెడతానన్నాను. చదవడమా, నువ్వా అన్నారు. నాకు కూడబలుక్కుని చదవాలండీ, టైం పడుతుందన్నాను. ఆ మాట ఆయనకి నచ్చింది. వదిలేసి వెళ్ళారు.

జూలై 17

రెండు రోజులు పట్టింది. సదరు యజమాని అని పదకొండు చోట్ల ఉంది. పదకొండు చోట్లా నేనే. సదరు యజమాని ఏ అట్ట వాడాలో అడగదు. సదరు యజమాని ఆఫీసుకి వెళ్ళదు. యూనిట్‌ని ఎక్కడికి మార్చినా, మిషను ఎవరికి అమ్మినా, సదరు యజమానికి ఎటువంటి అభ్యంతరమూ లేదు.

సదరు యజమానికి అభ్యంతరం ఉంది.

జూలై 28

మొదటి బండి వెళ్ళింది. అయిదు వందల ఫైళ్ళు, మంచి అట్ట, రెండు మడతల గుడ్డ. డెలివరీ కాగితంలో యజమాని పేరు అన్న గడి వచ్చింది. గుండ్రంగా రాశాను.

సాయంత్రం మా ఆయన, అన్నయ్య కాగితం అడుగుతున్నాడు, ఎక్కడ పెట్టావన్నారు. అతికించేశానన్నాను. నవ్వారు. మా ఫైలుకి రెండు అట్టలు వీపు వీపు కలిపి అతికిస్తాం, మధ్యలో ఏమున్నా బయటికి తెలీదు. అది ఆయనకీ తెలుసు. నవ్వడం ఆపి నా చేతులవైపు చూశారు. తర్వాత ఫైళ్ళ దొంతర ఉండి ఖాళీ అయిన చోటు చూశారు. అన్నయ్యకి కనపడట్లేదని చెప్తాలే అని, కత్తెర తీసుకుని నాడాలు కత్తిరించడం మొదలుపెట్టారు.

నాలుగు పేజీలు, నాలుగు ఫైళ్ళు. ఏ ఆఫీసుకి వెళ్ళాయో నాకూ తెలీదు.

ఆగస్టు 2

బావగారు ఇంకో కాగితం తెచ్చారు.

జిగురు ఉడుకుతోంది.